పిల్ల బొంత

నాకు నోరెక్కువ. "సోషల్ వర్క్ కాదు, నువ్వు లా చదవాల్సింది" అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. డెబ్బైల రెండో సగంలో ఫ్రీమాంట్‌కి కాపురానికొచ్చిన కొత్తలో, అరగంట డ్రైవ్ దూరంలో అమెరికా ఆదివాసులు తమవాళ్ళ కోసం నడుపుకునే ఒక సెంటర్‌లో నాకు పని దొరికింది. ఊళ్ళో ఉన్న నలుగురైదుగురు తెలుగు ఆడవాళ్ళూ "వాళ్ళ దగ్గరేం పనే నీకు?" అని బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ అనుకున్నాను.

అక్కడి పద్ధతి వేరు. కష్టంలో ఉండి వచ్చిన మనిషికి ముందు కాఫీ, రొట్టె పెట్టాలి. ఏమైందని అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా పక్కన కూర్చోవాలి. నాలాంటి వాగుడుకాయకి అదెంత శిక్షో! సెంటర్ నడిపే పెద్దావిడ నా అవస్థ చూసి నవ్వేది. "నీ నోటికి కాసేపు సెలవివ్వమ్మా, చెవులు పనిచేస్తాయి" అనేది.

అలా పక్కన కూర్చోగా కూర్చోగా దగ్గరైంది ఒక ముసలావిడ. డకోటా మైదానాల నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడింది. నేను "అమ్మమ్మా" అని పిలిచేదాన్ని. దాని అర్థం చెప్తే మురిసిపోయింది. ఆవిడకి ఒక్కతే కూతురు, ఆ కూతురికి నాలుగేళ్ళ పిల్ల. కూతురు జబ్బుచేసి ఆస్పత్రిలో పోయింది. ఇక మిగిలింది అమ్మమ్మ, మనవరాలు.

పూడ్చిపెట్టి వచ్చాక, వాళ్ళ ఆచారం ప్రకారం అమ్మమ్మ ఇంట్లో ఉన్నదంతా వచ్చినవాళ్ళకి పంచేసింది. కూతురి బట్టలు, గిన్నెలు, కుర్చీలు, చివరికి పిల్ల పడుకునే చిన్న మంచం కూడా. దుఃఖంలో ఉన్నవాళ్ళు దేన్నీ పట్టుకుని వేలాడకూడదట. తర్వాత నలుగురూ తలా ఒకటి తెచ్చి ఆ ఇంటిని మళ్ళీ నిలబెడతారట. నాకేం వింతనిపించలేదు. మన ఇళ్ళలో పోయినవాళ్ళ పేరున మంచం, గొడుగు, చెప్పులు దానమివ్వరూ?

ఆదివారం అందరం కలిసి సామాను తీసుకెళ్ళాలనుకున్నాం. శుక్రవారం పొద్దున్నే, తల్లి పోయిన పిల్ల ఎలా ఉందో చూస్తానంటూ కౌంటీ సర్కారు ఆఫీసరమ్మ అమ్మమ్మ ఇంటికి వచ్చింది. పులిహోర ఇద్దామని వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"పిల్ల మంచం ఏది?" అంది ఆఫీసరమ్మ.

"ఇచ్చేశాను" అంది అమ్మమ్మ.

"ఎందుకిచ్చారు?"

కూతురు పోయిన దుఃఖానికి పరాయి మనిషికి సంజాయిషీ ఏమిటన్నట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేను ఊరుకుంటానా! "ఇది వీళ్ళ ఆచారమండీ, ఎల్లుండికల్లా అన్నీ వస్తాయి, మా సెంటర్‌కి ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి" అని మొత్తుకున్నాను. "మీరు ఈ కుటుంబానికి ఏమవుతారు?" అని అడిగింది. ఏమీ కానని ఆవిడే తేల్చేసుకుంది. పడక లేని ఇంట్లో పిల్లని ఉంచడం కుదరదంది. కొన్నాళ్ళకేనంటూ కారెక్కించింది. పిల్ల గుప్పిట్లో ఇంకా పులిహోర ఉంది. ఆ మహాతల్లి అది కూడా విదిలించి, చెయ్యి తుడిచి మరీ తీసుకెళ్ళింది.

ఆదివారం అనుకున్నట్టే అన్నీ వచ్చాయి. మంచం, కుర్చీలు, గిన్నెలు. నేను మా పిల్లాడికి చిన్నదైపోయిన బొంత తీసుకెళ్ళాను. మా అమ్మ పాత చీరలతో కుట్టి పంపినది. అమ్మమ్మ దాన్ని పిల్ల మంచం మీద పరిచి, మూలమూలా నిమిరింది.

"మెత్తగా ఉంది. దానికి నచ్చుతుంది" అంది.

నచ్చేదేమో, ఆ పిల్ల దాని మీద ఒక్క రాత్రీ పడుకోలేదు. సెంటర్ పెద్దావిడ కోర్టు చుట్టూ తిరిగింది. కారు డ్రైవ్ చేస్తూ నేనూ వెంట తిరిగాను. వాయిదాల మీద వాయిదాలు. చివరికి కౌంటీవాళ్ళు పెంపకానికిచ్చిన కొత్త ఇంటికి పిల్ల అలవాటుపడిపోయిందన్నారు. పెంచుకుంటున్నవాళ్ళు దత్తత తీసుకుని వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. ఎక్కడికో మాకు చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఇలాంటి ఆదివాసీ పిల్లల్ని ముందు బంధువులకే ఇవ్వాలని చట్టం వచ్చింది. చేతులు కాలాక ఆకులు! సెంటర్‌లో అందరూ ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటుంటే, అమ్మమ్మ కాఫీ తాగేసి, కప్పు కడిగి, ఇంటికెళ్ళిపోయింది.

ఎనభైల నడుమ అమ్మమ్మా పోయింది. మళ్ళీ పంపకం. పంచడానికి ఇంట్లోవాళ్ళెవరూ లేక పెద్దావిడే పంచింది. కుర్చీలు వెళ్ళాయి, గిన్నెలు వెళ్ళాయి, చిన్న మంచమూ వెళ్ళింది. బొంత చేతిలోకి తీసుకుని ఆవిడ ఆగింది. తర్వాత తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది పంచడానికి లేదమ్మా. ముసలావిడ సొత్తు కాదు, పిల్లది. పిల్ల వస్తువు మనమెలా ఇచ్చేస్తాం? నీ దగ్గరుంచు, వస్తే ఇద్దువుగాని."

నాకు నోట మాట రాలేదు. నాకు!

బొంత మా ఇంట్లోనే ఉంది. ఏటా ఎండలో వేసి, దులిపి, మడతపెడతాను. ఆ పిల్లకి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. బొంత మాత్రం నాలుగేళ్ళ పిల్లకే సరిపోతుంది.