పక్కింటాయన చివరి పీపా

మా పక్కింటి పెద్దాయన పోయారు. గురువారం పొద్దున పేపర్ తీసుకోవడానికి వాకిట్లోకి వచ్చి, అక్కడే కూలిపోయారట. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను కానీ, సిగ్గుతో చెయ్యి సాగడం లేదు.

ఆయనది ఇంగ్లండ్. అక్కడ బీరు తాగేవాళ్లంతా సంఘం పెట్టుకుని, పెద్ద కంపెనీలు గ్యాస్ ఎక్కించి అమ్మే బీరు మీద పోరాడి, పాతకాలపు పీపా బీరును నిలబెట్టుకున్నారట. అమెరికా వచ్చినా ఆయన ఆ పోరు మానలేదు. తనలాంటి కొందరిని పోగేసి, మా ఊరు షామ్‌బర్గ్‌లో బార్ల ముందు అట్టలు పట్టుకుని నిలబడేవారు. ‘ఒక్క పీపా అయినా పెట్టండి’ అని వాటి మీద రాసుండేది. ఒకసారి నన్నూ లాక్కెళ్లారు. మా మేనేజర్ కారు కనబడగానే నేను అట్ట వెనక దాక్కున్నాను. ఆయన పడీపడీ నవ్వారు.

“మొహం దాచుకుంటే దాచుకో, అక్షరాలు మాత్రం తలకిందులు చేయకు,” అన్నారు.

ఆయన పోసిన బీరులో మొదటిసారి ఐస్ వేయబోతే గ్లాసు లాగేసుకున్నారు.

“ఇది బతికున్న బీరు బాబూ. పీపా తెరిచాక రెండుమూడు రోజులే. ఆలోగా నలుగురూ కూర్చుని ఖాళీ చేయాలి. పారబోశామంటే ఓడిపోయినట్టే.”

‘బాబూ’ అనడం మా నాన్న దగ్గర నేర్చుకున్నారు.

పోయే ముందురోజే కొత్త పీపా తెరిచారు. శుక్రవారం ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చి, “సాయంత్రం అందరూ రండి. ఆ పీపా మిగలకూడదు,” అన్నారు. సరేనన్నాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు. “చావింట్లో తాగడమేంటండీ? మనం మంచినీళ్లు కూడా ముట్టుకోం కదా! ఫ్యునరల్ అయ్యాక ఫ్లవర్స్ తీసుకెళ్దాం.”

నాకూ అదే మర్యాద అనిపించింది. ఊరుకోకుండా, వీధిలో తెలుగువాళ్లందరికీ ఫోన్ చేసి మరీ వెళ్లొద్దని చెప్పాను. వాళ్లలో ఆయన పోసిన బీరు తాగనివాళ్లు ఒక్కరూ లేరు.

సోమవారం పూలు పట్టుకెళ్లేసరికి ఆయన భార్య పెరట్లో ఉన్నారు. “మీ అందరికీ గ్లాసులు కడిగి పెట్టాను,” అన్నారు. తిట్టినా బాగుండేది. పీపా బరువుగా ఉంది, కాస్త పట్టుకోమన్నారు.

పూలు గడ్డి మీద పెట్టి, పీపా వంచాను. సగానికి పైగా ఉంది. పుల్లటి వాసన కొడుతూ బీరు కంచె కిందుగా మా పెరట్లోకి పారింది. వాళ్ల వంటింటి కిటికీలోంచి, బోర్లించిన గ్లాసులు వరసగా కనబడుతున్నాయి.