సాక్ష్యం అడిగిన పాపానికి

నాకు ఓపిక లేదు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ "నీ కాళ్ల కింద నిప్పులున్నయా ఏంది" అనేది. నలభై దాటినా ఆ నిప్పులు ఆరలేదు. ఆదివారం మందిరంలో కూర్చున్నా నా చూపు పాస్టరు మీద ఉండదు, గుమ్మం మీద ఉంటుంది. ఆ గుమ్మంలోంచి అక్క వస్తుందేమోనని.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మానవపాడు పక్కన పత్తి విత్తనాల చేలలో నాతో ఒకే సాలులో పనిచేసే మనిషి. సాయంత్రం మొగ్గ రెక్కలు ఒలిచి దానిలోని పుప్పొడి భాగం గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే వేరే రకం మొక్క పువ్వు తెచ్చి, దాని పుప్పొడి ఈ ఒలిచిన మొగ్గకు అద్దాలి. దీన్ని మేం క్రాసింగ్ అంటాం. చేతులు పనిలో ఉంటాయి కానీ నోరు ఖాళీయే కదా. ఆమె వాళ్ల దేవత జమ్ములమ్మ గురించి చెప్పేది, నేను యేసయ్య గురించి చెప్పేదాన్ని. అంతా విని "మంచిగుంది చెల్లె" అనేది. మర్నాడు మళ్లీ రూపాయంత బొట్టుతో వచ్చేది. నాకు ఒళ్లు మండేది.

"విత్తనమేసిన నాడే కోత గావాలంటే ఎట్లమ్మా, జర ఓపిక పట్టు" అనేవాడు పాస్టరు. చేలో పుట్టి పెరిగిన దానికి విత్తనాల గురించి చెప్పొచ్చాడు అనుకునేదాన్ని.

ఆ వానాకాలం అక్క పెనిమిటికి కడుపునొప్పి ముదిరి, కర్నూలు దవాఖానలో ఆపరేషన్ చేశారు. నేను పని మానుకుని ఆమెకు తోడుగా వెళ్లాను. ఆమె అడిగితే ఆయన మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాను. ఆయన లేచి నడిచిన రోజు అక్క నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీ దేవుడు నా ఇల్లు నిలవెట్టిండు చెల్లె."

నేను ఆగితే కదా. "అయితే ఆదివారం మందిరానికొచ్చి సాక్ష్యం చెప్పక్కా" అన్నాను.

ఆమె చేతులు వదిలేసింది. ఊరికి తిరిగొచ్చాక వేరే సాలు పట్టింది. నేను ఇటు వస్తే ఆమె అటు పోయేది. రోజూ ఆ మాటనే తిరగేసి మరగేసి చూసుకున్నాను. ఏం తప్పుందో తెలియలేదు. అన్నం సయించలేదు. ఇక ఉండబట్టలేక, ఒకరోజు ఆమె గట్టు మీద సద్ది తింటుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నేనేం తప్పు చేసిన అక్కా?"

"కేసు ఎవరి మీద?" అంది.

"కేసేంది?"

"సాక్ష్యం అంటివి గద. మా నాయిన చేను గెట్టు పంచాయితీల ఒక్క సాక్ష్యం చెప్పిండు. గద్వాల కోర్టు సుట్టు తిరుగుకుంటనే సచ్చిండు. నన్ను గూడ గట్లనే తిప్పుతవా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమె సద్దిగిన్నె మూత పెట్టేసింది. దేవుడు చేసిన మేలు పదిమందిలో లేచి చెప్పడాన్నే మేం సాక్ష్యం అంటామని, కేసూ కోర్టూ ఏమీ లేవని బతిమాలుతూ చెప్పాను.

"ఏదైతేంది. పదిమందిల నిలవడి మాట్లాడుడే గద. నాతోని గాదు" అని లేచి వెళ్లిపోయింది.

ఈలోగా ఆమె బావ, అంటే పెనిమిటి అన్న, ఒక పుకారు లేపాడు. రోగాన్ని అడ్డం పెట్టుకుని నేను వాళ్ల మతం మారుస్తున్నానట. ఒక పొద్దున కూలీలంతా మేం పనిచేసే చేను రైతు వాకిట్లో ఉండగా వచ్చి, "గీమెను ఇంక చేన్లకు రానియ్యొద్దు" అన్నాడు. రైతు నా వైపు తిరిగి "ఏందమ్మా గిది?" అన్నాడు. రోజంతా వాగేదాన్ని, తల దించుకుని నిలబడ్డాను. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆడవాళ్ల వెనక నుంచి అక్క వచ్చింది. తల మీద కొంగు కప్పుకుంది.

"నన్ను అడుగుండ్రి. మందిరానికి రమ్మన్నది, నేను పోలే. దవాఖానకు మీరెవ్వరు రాలే బావా, ఈమె వచ్చి నా పక్కన కటిక నేల మీద పండుకున్నది. ప్రార్థన నేనే చెయ్యమన్న. మా జమ్ములమ్మను ఒక్క మాట అనలే. ఏ కోర్టుకైన వస్త, గిదే చెప్త."

బావ ఏదో గొణిగాడు. "పొద్దెక్కితే పుప్పొడి పట్టదు, పనికి నడువుండ్రి" అన్నాడు రైతు. అందరితో పాటు నన్నూ చూసే అన్నాడు.

అక్క మళ్లీ నా సాలులోకి వచ్చింది. నాకు ఏడుపాగలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచాను.

"సాక్ష్యం అడిగితివి, చెప్పిన. ఇగ అడగకు" అంది, పువ్వు మీంచి చూపు తిప్పకుండా.

సరేనన్నాను. ఇప్పటిదాకా అడగలేదు. ఆదివారం నా చూపు మాత్రం ఇంకా గుమ్మం మీదే. మందిరంలో ఎవరు లేచి సాక్ష్యం చెప్పినా అందరికంటే గట్టిగా ఆమేన్ అంటాను. ఆ రోజు వాకిట్లో అంతమంది మధ్య అక్క చెప్పినదానికి ఒక్కరూ ఆమేన్ అనలేదు. నేనూ అనలేదు. అది గుర్తొస్తే కూర్చున్నచోట కూర్చోలేను.