తిప్పని బొంగు

కంప్యూటర్ ఒక మాట చెప్పిందంటే నిప్పు కూడా తలవంచి వినాలని నేను గట్టిగా నమ్మిన రోజులవి. విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్‌తో కరెంటు పుడుతుంది గానీ, ఆ హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ రవ్వంత ఉన్నా సెల్ మొరాయిస్తుంది. అందుకని కాస్త ఆక్సిజన్ కలిపి, ఉత్ప్రేరకం గుళికలు నింపిన గొట్టంలోంచి పంపి, ఆ విషాన్ని కాల్చేస్తారు. వేడి తగ్గితే విషం మిగిలిపోతుంది, పెరిగితే హైడ్రోజనే కాలిపోతుంది. ఆ గొట్టాన్ని కంప్యూటర్లో లెక్కలతో కట్టడం నా పని. లెక్క తొందరగా తెమలాలని, గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే వేడి ఉంటుందని రాసేసుకున్నాను (మా చదువుల్లో బద్ధకాన్ని 'ఊహ' అంటారు). ఫలితాలు ముత్యాల్లా వచ్చాయి. మా గైడు సారు మాత్రం "ఇంత బాగా రావడమే నాకు అనుమానం. వచ్చే నెల కమిటీ ముందు ఇది నిలవకపోతే నీ ఫెలోషిప్ ఆగిపోతుందమ్మా" అన్నారు. అది ఆగితే నా చదువూ అక్కడికి ఆగినట్టే.

ఆ ఆదివారం సారూ మేడమూ అరకు చూడడానికి రైలెక్కి వచ్చి, మధ్యాహ్నం డుంబ్రిగుడ దగ్గరి మా ఇంటికి భోజనానికొచ్చారు. నాన్న బొంగు చికెన్ మొదలెట్టాడు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి, అలవాటుగా కొసలు మార్చి తిప్పబోయాడు. సారు ముందు నా విద్య చూపించడానికి ఇంతకన్నా మంచి సమయం రాదనిపించింది.

"తిప్పకు నాన్నా! ఇదీ గొట్టమే కదా. లోపల అంతటా ఒకటే వేడి ఉంటది. నా లెక్కలో తేలింది."

"తిప్పకపోతే ఒక కొస మాడిపోద్దేమోనే గుంటా..."

"మాడదు!"

నాన్న సారు వైపు చూశాడు, నా వైపు చూశాడు, చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాడు (చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకి బొంగు కాల్చాలంటే ఆయన్నే పిలుస్తారు). "మీ ఇద్దరికీ మతి పోనాదేటి?" అని లోపల్నుంచి అమ్మ కేకేసింది.

బొంగు చీల్చేసరికి ఒక కొస బొగ్గు, ఇంకో కొస పచ్చి మాంసం, మధ్యలో పిడికెడు ముక్కలు మాత్రం అమృతం. సారు ఆ పిడికెడూ శ్రద్ధగా తిని, చెయ్యి కడుక్కోకుండానే "నీ రియాక్టర్లో జరిగేదీ ఇదేనమ్మా. గ్యాసు లోపలికొచ్చే మొదటి కొస మండిపోతూ ఉంటుంది. వెళ్లగానే గొట్టం పొడుగునా ముక్కముక్కకీ వేడి లెక్కకట్టు" అన్నారు. మేడమ్ అమ్మ వేసిన గుడ్డట్టుతో అన్నం తిన్నారు. నేను తలెత్తలేదు. తర్వాత ఆయన చెప్పినట్టే కట్టాను. ఈసారి ఫలితాలు వంకరటింకరగా వచ్చాయి, కమిటీ ఒప్పుకుంది.

పట్టా వచ్చాక ఒకరోజు నాన్నని అడిగాను, "మాడతాదని నీకు తెలుసు కదా, ఎందుకు తిప్పలేదు?" అని.

"తెలీకేటి? కోడి పోతే ఇంకో కోడి కోసుకుంటాం. మీ సారు ముందట నీ మాట నానెలా కొట్టేత్తానే?"

నవ్వబోతే కన్నీళ్లొచ్చాయి. ఇప్పుడూ రియాక్టర్ల లెక్కలే కడుతున్నాను. ఎదుటివాళ్ల తప్పు కనిపించిందంటే ఒక్క నిమిషం ఆగను, పదిమందిలోనే దిద్దేస్తాను. నిప్పుల పక్కన నాన్నలా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు ఇంకా రాలేదు.