తిప్పి చూసే అలవాటు

వంకాయ కొనేటప్పుడు నాలుగు వైపులా తిప్పి, పుచ్చు లేదని తేలాకే సంచిలో వేస్తాను. అది అందరూ చేసేదే. నేను మాత్రం పాల ప్యాకెట్టునీ, కొత్త చెప్పుల్నీ, ఇంటికొచ్చిన శుభలేఖనీ కూడా తిప్పి చూస్తాను. "పెళ్లిచూపుల్లో నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు గనక సరిపోయింది. నిలబెట్టి ఉంటే వెనక్కి తిప్పి చూసి వద్దనేది" అని మా ఆయన మియాపూర్ మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడతో కూడా చెబుతుంటారు.

ఆఫీసులోనూ నా తీరు అదే. మాదాపూర్‌లో ఒక డిజైన్ కంపెనీలో, బస్సు సీట్లను నేలకు బిగించే ఇనుప కాళ్లకు కంప్యూటర్ మీద రూపం ఇవ్వడం నా పని. తెర మీద ఏ కాలు తెరిచినా, చెయ్యి పెట్టే ముందు ఒకసారి తలకిందులు చేసి అడుగు భాగం చూస్తాను. పైనుంచి అన్నీ బాగానే కనిపిస్తాయి, తప్పులు కింద దాక్కుంటాయి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

అలాంటి నాకు ఒకరోజు మా మేనేజర్ మీటింగు పెట్టి, మన డిజైన్ సాఫ్ట్‌వేర్ మొత్తం క్లౌడ్‌కి వెళ్లిపోతోందని చెప్పాడు. నాకంటే చాలా చిన్నవాడు, మా గోదావరి వైపు అబ్బాయే, మాట మహా తీపి.

"ఇక సేవ్ నొక్కక్కర్లేదండి మేడం. మీరు గీస్తూ ఉంటే అదే సేవ్ అయిపోతుంది."

"ఎక్కడండి?"

"క్లౌడ్‌లోనండి."

"అంటే ఎవరి కంప్యూటర్‌లో?"

గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అడిగినదానికి జవాబు లేనప్పుడే జనం అలా నవ్వుతారని నా నమ్మకం.

వారం తిరక్కుండానే మా బల్లల కింద ఉన్న బరువైన కంప్యూటర్లు తీసేశారు. నా పెట్టె మీద ఏటా దసరాకి నేను పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి ఎండిపోయి ఉన్నాయి. హౌస్‌కీపింగ్ అతను దాన్ని ఎత్తబోతూ ఆగాడు.

"మేడం, బొట్లు తుడవాల్నా, గిట్లనే తీస్కపోవాల్నా?"

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"మాకేమెరుక మేడం. కిందికి దింపుమన్నరు, దింపుతున్నం."

తుడవొద్దన్నాను. దాని బదులు పలచటి లాప్‌టాప్ ఒకటి ఇచ్చారు. తిప్పి చూస్తే అడుగున ఒక స్టిక్కరు తప్ప ఏమీ లేదు.

ఉన్నమాట చెప్పాలి, పని తేలికైంది. అంతకుముందు ఒకే డిజైను "ఫైనల్" అని ఒకరి దగ్గరా, "అసలు ఫైనల్" అని ఇంకొకరి దగ్గరా ఉండేది. ఇప్పుడు అందరం ఒక్క డిజైనులోనే కూర్చుని పనిచేస్తున్నాం. ఎవరు లోపల ఉంటే వాళ్ల పేరుతో తెర పైమూల ఒక రంగు చుక్క వెలుగుతుంది. మా వాళ్లంతా ముచ్చట పడ్డారు. నేనూ పడేదాన్నే, ఆ బూడిదరంగు చుక్క రాకపోయి ఉంటే.

దాని కింద పేరు లేదు, "అతిథి" అని మాత్రం ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పని మొదలుపెట్టగానే వచ్చేది. దేన్నీ ముట్టుకునేది కాదు. నేను ముగించగానే పోయేది. "ఎవరు మీరు?" అని పక్కనున్న కామెంట్ల డబ్బాలో రాశాను. రెండు రోజులు చూసి మేనేజర్‌ని అడిగితే, "క్లయింట్ తరఫు వాళ్లెవరో అయ్యుంటారండి, చూస్తే మనకేం పోయింది?" అన్నాడు. ఆ మాట నా మొహం చూసి అని ఉంటే నమ్మేదాన్నేమో. ఫోను చూసుకుంటూ అన్నాడు.

నాకు కుదురు పోయింది. ఒకరోజు కావాలనే ఒక రంధ్రాన్ని అసలు ఉండకూడని చోట పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. తనిఖీ చేసేవాళ్లయితే వెంటనే తప్పు పట్టాలి. చుక్క కదల్లేదు, ఎవరూ ఏమీ అనలేదు. నేను ఏం చేసినా ఒప్పే అనుకునేవాళ్లు ఎవరు? నేర్చుకునేవాళ్లు. రంధ్రం తీసేసి ఇంటికొచ్చి, "ఏ పరాయి దేశంలోనో నా కుర్చీకి మనిషిని తయారు చేస్తున్నారు" అన్నాను.

"నీకు అన్నిట్లోనూ పుచ్చులే కనిపిస్తాయి" అన్నారు మా ఆయన.

నవ్వలేకపోయాను. యాభైకి దగ్గర పడుతున్నాను. నాకు తెలిసిందల్లా బస్సు సీటు కాళ్లు. ఇది పోతే ఈ ఊళ్లో ఇన్ని అద్దాల మేడల్లో నన్ను పిలిచి పని ఇచ్చేవాళ్లు ఎవరని భయం వేసింది.

కొన్నాళ్లకు ఆ అతిథే నోరు విప్పాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: "మేడం, ఈ లోపలి మూలని లెక్కల వచ్చినదానికంటె ఎక్కువ గుండ్రంగ చేస్తున్నరు. ఎందుకు?"

సముద్రాల అవతల ఎవరో అనుకున్న మనిషి తెలుగువాడు! ఆ ఆశ్చర్యం కంటే ప్రశ్నే ఎక్కువ గుచ్చుకుంది. సరిగ్గా నా ప్రాణం ఉన్న చోట చెయ్యి పెట్టాడు. బ్రేకు పడ్డప్పుడు వెనక కూర్చున్న మనిషి ముందు సీటు కాలికి పాదం తన్నిపెట్టి నిలదొక్కుకుంటాడు. రోజూ అదే తన్ను, అదే చోట; లోపలి మూల బాగా గుండ్రంగా లేకపోతే ఇనుము అక్కడే చిట్లుతుంది. మాకొచ్చే లెక్కల్లో ఆ తన్ను ఉండదు. కొండాపూర్ మీదుగా వెళ్లే సిటీ బస్సులో ఏళ్ల తరబడి నిలబడి నేను చూసింది అది. చెప్పకపోతే నన్ను ఇంకొన్నాళ్లు ఉంచక తప్పదు. కానీ అతను లెక్క ప్రకారం ఆ గుండ్రం తగ్గిస్తే, ఎప్పుడో ఎక్కడో ఎవరి సీటో ఊడుతుంది.

తిట్టుకుంటూనే అంతా రాశాను. "సమజైంది మేడం" అని వచ్చింది. "ఎక్కడుంటారండి మీరు?" అని అడిగాను.

"ఇక్కడ్నే మేడం. తొమ్మిదో అంతస్తు."

నాది నాలుగో అంతస్తు. లిఫ్టెక్కి వెళ్లాను. మూలగా ఒక బల్ల దగ్గర, నలభై దాటిన మనిషి, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన తెర మీద నా సీటు కాలే ఉంది.

"నన్ను చూడమని ఎవరు చెప్పారండి?"

"మీ మేనేజరే మేడం. గీ బటన్ నొక్కితె మీరు ఎటు తిప్పితె నాకు కూడ అటే తిరుగుతది. చూసి నేర్చుకో, మాట్లాడకు అన్నడు. నాకు మంచిగ అనిపియ్యలే. కానీ పాత కంపెనీల తీసేసిన్రు మేడం. ఇది కూడ పోతె ఇంట్ల అందరం పరేషానైతం."

ఆయన మీద కోపం నిలవలేదు. మేనేజర్ మీద ఇప్పటికీ ఉంది, ఉంటుంది.

మరుసటి వారమే ఆ తీపి గొంతు నన్ను పిలిచి, "మీలాంటి సీనియర్లు ఇంకా గీస్తూ కూర్చోవడం ఏంటండి, ఇక పైనుంచి చూసుకోండి చాలు" అన్నాడు. ఎన్నాళ్లు చూసుకోవాలో చెప్పలేదు. బల్ల దగ్గరికొచ్చి డిజైను తెరిచాను. నా పేరు లేదు. పైమూల బూడిదరంగు చుక్క, కింద "అతిథి". పక్కనే ఆయన పేరుతో రంగు చుక్క వెలుగుతోంది.

తొమ్మిదో అంతస్తులో చూసిన ఆ బటనే నొక్కాను. ఆయన చూసేదే ఇప్పుడు నాకూ కనిపిస్తోంది. కొత్త కాలు ఒకటి తెరిచాడు. దాని మీద చెయ్యి పెట్టలేదు. ముందు మెల్లగా తలకిందులు చేసి, అడుగు చూశాడు.

మూల సంగతి నేనే చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. పెట్టె తీసుకెళ్లిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. కిటికీ అద్దం వైపు తిరిగి కళ్లు తుడుచుకుని మళ్లీ తెర చూసేసరికి కామెంట్ల డబ్బాలో ఆయన మాట ఉంది.

"మేడం, మీరేనని ఎరుక. కింద చూసిన, మంచిగుంది."

నమ్మకం కుదరక, నా తెర మీద నేనూ ఒకసారి తిప్పి చూశాను.