శనివారాల గోదావరి

మొన్న మా ఎదురింటి కోడలు ఫోను చేతిలో పట్టుకొని మా గడప ఎక్కింది. వచ్చే నెలలో భార్యాభర్తలిద్దరూ ఏదో యాత్ర బస్సులో ఖాట్మండు పోతున్నారట, అక్కడ నాలుగు రోజులు మకామట, పశుపతినాథుని దర్శనం ఒక్క పూటలో అయిపోతే మిగిలిన రోజుల్లో పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాదగిన చోట్లేమిటో ఫోనులో ఒక పట్టీ దొరికిందట. పెద్దమ్మా, మీరు అక్కడ కాపురం చేసి వచ్చారు కదా, వీటిలో ఏవి చూడాలో చెప్పమని నా ముందు పెట్టింది. కళ్లద్దాలు సవరించుకొని చదివాను. నగర్‌కోట్‌లో సూర్యోదయం, భక్తపూర్‌లో రాజమందిరాలు, ధులిఖేల్ నుంచి మంచుకొండలు, ఇలా చెప్పుకుంటూ పోయి, అడుగున ఎక్కడో గోదావరి అని ఉంది. అక్కడ ఒక తోట ఉంది, ఒక పూట చాలు, తీరిక లేనివాళ్లు వదిలేసినా ఫరవాలేదు అని రాశారు. ఆ అమ్మాయికి ఏం చెప్పి పంపానో నాకే గుర్తులేదు. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

మన ఈడు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. చదువులు చదివి, సర్కారు కొలువు కోసం ఎదురుచూసి చూసి కళ్లు కాయలు కాచిన కాలం. మా ఆయన సైన్సు పంతులు. మానుకోట నుంచి పోయిన ఒక లెక్కల పంతులు అప్పటికే ఖాట్మండులో ఒక ఇంగ్లీషు బడిలో కుదురుకొని ఉండి, ఇక్కడ ఒక ఖాళీ ఉంది రమ్మని ఉత్తరం రాస్తే, ఇద్దరం ఒక ట్రంకు పెట్టె, ఒక కిరోసిన్ స్టవ్వుతో బయలుదేరాం. ఆ లెక్కల పంతులు ముస్లిం, పెళ్లికాని మనిషి, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు కనుక ఆ ఊళ్లో కండక్టర్లతోనూ కూరగాయలమ్మే వాళ్లతోనూ బేరమాడటానికి మాకు ఆయనే దిక్కు. మేమిద్దరం ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్లం. కొడకండ్ల దాటి కాజీపేట దాకా కూడా పెద్దగా పోని నేను, అంత పెద్ద రాజధానిలో, హారన్ల మోతలో, మూడో అంతస్తు గదిలో ఎట్లా బతికానో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాకు మూడో నెల వచ్చాక మా ఆయన సెలవుపెట్టి పోయి మా అత్తమ్మను తీసుకొచ్చారు. నాకు తొమ్మిదేళ్లప్పుడే అమ్మ పోయింది. పురుడు పోసే చెయ్యి ఇంకొకటి లేదు. అత్తమ్మది కాళేశ్వరానికి కూతవేటు దూరంలోని పల్లె, మహాదేవపూర్ దాటాక వస్తుంది. ఆవిడ వచ్చిన మూడోనాడే మూట కట్టుకొని తలుపు దగ్గర కూర్చుంది, నన్ను తోలియ్యి కొడుకా అని. అక్కడి వంటకు అలవాటు పడలేక కాదు, చలికీ కాదు. దానికి వేరే కారణముంది.

అంతకు ముందటి ఏడు ఎండాకాలంలో మా మామయ్య పోయారు. మంచంలో ఉండి నీళ్లడిగారట. ఇంట్లో నీళ్లు వేడెక్కి ఉన్నాయని, పొరుగింటి కుండలోవి చల్లగా ఉంటాయని అత్తమ్మ చెంబు పట్టుకొని పోయి, అక్కడ ఒక మాట మాట్లాడి, తిరిగి వచ్చేసరికి ఆయన లేరు. ఆ ఒక్క మాట ఎందుకు మాట్లాడానా అని ఆవిడ జీవితమంతా కుమిలిపోయింది. అస్థికలు కాళేశ్వరం సంగమంలో కలిపాక, వారానికొకసారి పోయి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆయనకు మూడు దోసిళ్ల నీళ్లు ఇచ్చి వచ్చేది. ఏ పంతులూ చెప్పిన విధి కాదది, ఆవిడ పెట్టుకున్న విధి. ఖాట్మండుకు వచ్చాక ఆ నీళ్లు ఆగిపోయాయి. మా ఆయన బాగ్మతీ నది చూపించి ఇక్కడ ఇవ్వవచ్చు కదా అంటే, పక్కనే కాలుతున్న చితి వైపు చూసి ముక్కు మీద కొంగు వేసుకుంది.

ఆవిడ పోతే నేనొక్కదాన్నే. మా ఆయన బడికి పోతే సాయంత్రం దాకా రారు. ఆ సంగతి తెలిసి ఆయన ఒక ఉపాయం పన్నారు. ఆ దేశంలో ఆదివారం బడి ఉంటుంది, శనివారమే సెలవు. ప్రతి శనివారం అవ్వను ఒక కొత్త చోటికి తిప్పితే ఊరి మీద మనసు పడుతుందని ఆయన లెక్క. అది ఒకరకంగా తల్లికి కొడుకు పెట్టిన లంచం. సైన్సు పంతులుకు తట్టనిదేమిటంటే, అత్తమ్మకు శనివారం ఒక్కపొద్దు. సూర్యుడు కుంగేదాకా ముద్ద ముట్టదు. మేము పులిహోర కట్టుకొని కొండలెక్కుతుంటే, ఆవిడ కడుపు మాడ్చుకొని మా వెనక నడిచేది. ఆకలితో ఉన్న మనిషికి మంచుకొండ ఏం నచ్చుతుంది?

నగర్‌కోట్‌కు సూర్యోదయం చూడటానికని చీకటితో లేచి పోతే, బస్సు దారిలో ఆగిపోయి, మేము చేరేసరికి పొద్దు బారెడెక్కింది. మబ్బుల వెనక కొండలున్నాయని అందరూ వేలు పెట్టి చూపించారు. పొద్దు మన ఇంటి ముంగట పొడుస్తలేదా అని అత్తమ్మ అడిగింది. భక్తపూర్‌లో కుమ్మరివాడలో మాత్రం ముఖం విప్పారింది. ఆరబెట్టిన కుండను వేలి కణుపుతో కొట్టి చూసి, మట్టి మంచిదేనంది. అక్కడి మీగడ పెరుగు మట్టి మూకుట్లో కొనిస్తే కొంగులో దాచి, రాత్రి ఇంటికొచ్చాక తింది. దక్షిణకాళికి పోయినరోజు మేకలను, కోళ్లను పట్టుకొని వరుసలో నిలబడ్డ జనాన్ని చూసి మన జాతరే అనుకొని కాసేపు సంతోషపడింది. ఇంటికి రాగానే మళ్లీ మూట తలుపు దగ్గరికి చేరేది. భాయ్ ప్రతిసారీ మాతో వచ్చేవాడు. ఉడకబెట్టిన గుడ్లు తెచ్చుకొని, ఒక్కపొద్దు మనిషి ఉంది కదా అని దూరంగా పోయి కూర్చునేవాడు.

“ఏంది బిడ్డా, గంత దూరం కూసున్నవ్? నువ్వు తింటె నా ఒక్కపొద్దు చెడుతదా? ఇటు జరుగు” అని అత్తమ్మ ఆయన్ని పక్కకు పిలుచుకునేది. ఆ ఇద్దరికీ అట్లా కుదిరింది.

ఆ భాయే ఒకనాడు, పట్నానికి దక్షిణంగా గంట దూరంలో గోదావరి అనే చోటు ఉందనీ, మన గోదావరిలో ఎవరో సాధువు జోలె జారిపడితే అక్కడి ఊటలో తేలిందనీ, అందుకే ఆ నీళ్లను అక్కడివాళ్లు మన గోదావరి నీళ్లే అంటారనీ చెప్పాడు. మా ఆయన నవ్వారు. మధ్యలో గంగ ఉంది, వింధ్య ఉంది, భూమి కింద నీళ్లు అట్లా ప్రయాణం చెయ్యవు అని పాఠం మొదలుపెట్టారు. అత్తమ్మ ఆయన నోరు మూయించింది. ఈ శనివారం ఆడికి పోకపోతే ఆదివారం నేను ఊరి బస్సెక్కుతానంది. నాకు అప్పటికి ఏడో నెల.

ఆ రోజు తలస్నానం చేసి, పసుపు, కుంకుమ, ఒక రవిక గుడ్డ మూటగట్టుకొని, కొంగున చిల్లర ముడేసుకొని బయలుదేరింది. మన వైపు బస్సు గోదారి వంతెన మీదికి రాగానే అందరం చేతులు బయట పెట్టి నాణేలు వేస్తాం కదా. ఆవిడకు ఏ వంతెన వచ్చినా అదే గోదారి. బాగ్మతి మీద ఒక నాణెం వేసింది. తర్వాత ఒక వాగు మీద, ఆ తర్వాత నీళ్లే లేని ఒక మోరీ మీద వేసింది. బస్సులో వాళ్లు నవ్వుతుంటే మా ఆయన తల కిటికీ వైపు తిప్పుకొని కూర్చున్నారు. ఇంకా రాలేదవ్వా, నేను చెప్తా అని భాయ్ ఒకటికి రెండుసార్లు చెప్పినా, దాటినంక చెప్తె ఏం లాభం బిడ్డా అని ఆవిడ చెయ్యి బయటే ఉంచింది.

చివరికి బస్సు దిగి, అడవి కొండ కింద నడిచి పోతే, అక్కడ ఉన్నది ఒక చిన్న రాతి కొలను. బండల సందు నుంచి ఊట వచ్చి, రాతి తూముల్లోంచి ధారగా పడుతోంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లు బట్టలు పిండుకుంటున్నారు. అవతలి ఒడ్డు కనపడని నదిని చూసి పెరిగిన అత్తమ్మ ఆ కొలనును ఇటు నుంచి అటు చూసి, గింతేనా అంది. చెయ్యి పెట్టి, చురుక్కుమన్న చలికి వెనక్కి లాక్కుంది. మెట్టు మీద కూలబడింది. ఇక ఈవిడ ఆగదు, పురిటికి నేనొక్కదాన్నే అనుకున్నాను. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను కూడా. మా ఆయన పక్కన కూర్చొని, నిన్నటిదాకా తాను నవ్వులాటగా తీసేసిన సాధువు కథనే, ఎంతో నమ్మకంగా తల్లికి మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు.

“నీళ్లు మంచియే కొడుకా. గోదారంటె గోదారే అనుకుంట. గని మీ నాయినకు గీడికి తొవ్వ తెల్వదు గద. ఓరుగల్లు దాటి ఎన్నడన్న పోయిండా ఆయన? నేను గీడ నీళ్లిస్తె ఆయన ఆడ సూసుకుంట కూసుంటడు” అంది అత్తమ్మ.

గుడ్డు పొట్టు తీస్తున్న భాయ్ తలెత్తి, “తెల్వకపోతె చెప్పాలె అవ్వా. కొత్త ఊర్లకు సుట్టాన్ని పిలిస్తె తొవ్వ చెప్తం గద, గట్లనే జర నువ్వు చెప్పు” అన్నాడు, బజారుకు దారి చెప్పమన్నంత మామూలుగా.

అత్తమ్మ లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, ఆ మంచు నీళ్లలోకి దిగి, దక్షిణం ఎటని కొడుకును అడిగి అటు తిరిగింది.

“ఇగో, నేనే. మంచిగిను. కాళేశ్వరంల బస్సెక్కు. మాదేవపురం, కాటారం, భూపాలపల్లి పోతయి. పరకాల్ల దిగకు, గదే బస్సు హన్మకొండకు పోతది. కాజీపేటల రైలెక్కు. రెండు రాత్రులు పండుకో, కిటికి పక్కపొంటి కూసో. గోరకుపూర్ల అందరు దిగుతరు, నువ్వు సుత దిగు. ఇంకో బస్సెక్కితె సరిహద్దు అస్తది, పోలీసోల్లడిగితె కొడుకు కాడికి పోతున్న అను. మల్ల కొండల మీద తిరిగే బస్సు, కండ్లు తిరుగుతయి, నిమ్మకాయ వాసన సూడు. పట్నంల దిగినంక ఎవల్నడిగినా గోదారి సూపిస్తరు. నేను గీడనే ఉంట. పైలంగ రా.”

బట్టలు పిండే ఆడవాళ్లు చేతులాపి చూస్తున్నారు. భాష తెలియకపోయినా వాళ్లెవరూ నవ్వలేదు. అత్తమ్మ కాసేపు కళ్లు మూసుకొని నిలబడి, మామయ్యకు అక్కడిదాకా వచ్చేంత వ్యవధి ఇచ్చి, ఆ తర్వాత మూడు దోసిళ్లు ఇచ్చింది. వణుకుతూ ఒడ్డుకొచ్చి ఆకలైతుందంది. ఆ రోజు మాత్రం పొద్దు కుంగేదాకా ఆగకుండా, ఒక్కపొద్దు భోజనం అక్కడే, భాయ్ పక్కన కూర్చొని చేసింది. ఇంటికొచ్చాక తలుపు దగ్గరి మూట విప్పి చీరలు దండెం మీద వేసింది.

ఆవిడ చేతిలోనే నా బిడ్డ పుట్టింది. మూడేళ్లు మాతో ఉంది. ఆ మూడేళ్లలో మేము ఇంకే చోటూ చూడలేదు. ధులిఖేల్ ఎట్లా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు. ప్రతి శనివారం గోదావరే. బిడ్డ అక్కడే నడక నేర్చింది. వచ్చే శనివారానికి ఎటైనా కొత్త చోటుకు పోదామని మా ఆయన కాగితం మీద పేర్లు రాసుకునేవారు, శనివారం రాగానే ఆ కాగితం జేబులోనే ఉండిపోయేది.

తర్వాత ఆయనకు జనగామ దగ్గర సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. వారంలోపల చేరమన్నారు. ఆ చివరి శనివారం సామాన్లు కట్టడంతోనే సరిపోయింది. భాయ్ బస్సు దాకా వచ్చి, ఏడుపు ఆపుకోలేక బిడ్డను నా చేతికిచ్చి వెనక్కి తిరిగి పోయాడు. ఊరికి రాగానే అత్తమ్మ కాళేశ్వరం పోదామంది. పోయాం. నిండు గోదారి, మూడేళ్లు ఆవిడ కలవరించిన గోదారి. దిగి, మూడు దోసిళ్లు ఇచ్చి, ఒడ్డున తడిబట్టలతో కూర్చొని ఉన్నట్టుండి ఏడ్వసాగింది. ఇంకా ఏం కావాలవ్వా అని మా ఆయన అడిగితే, “శనారం శనారం ఆడికచ్చుడు అలవాటైంది మీ నాయినకు. మనం పోతున్నమని ఒక్క మాట చెప్పి రాకపోతిమి. ఆడ ఎదురుసూత్తడు గద కొడుకా” అంది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. భాయ్ మానుకోటకు తిరిగి వచ్చాడని విన్నాను గానీ, మళ్లీ కలవలేదు. మా ఆయన పోయి నాలుగేళ్లు. ఇప్పుడు జనగామలో పొద్దున కారెక్కితే భోజనాల వేళకు కాళేశ్వరం రేవులో ఉంటాం. ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో ఫోనులో ఒక గొంతు చెబుతూనే ఉంటుంది, దారి అడగటానికి కారు ఆపే పనే లేదు. ఏడాదికొకసారి పోయి మా ఆయనకు మూడు దోసిళ్లు ఇచ్చి వస్తాను. అత్తమ్మలా దారి చెప్పాల్సిన అవసరం నాకు లేదు, మా ఆయనకు తొవ్వలన్నీ తెలుసు. కానీ బతికున్నన్నాళ్లూ చూడాలని చూడలేకపోయిన చోట్లు ఆయనకు ఎన్నో ఉండిపోయాయి. శనివారం వచ్చిందంటే ఆయన ఏ ఊళ్లో బస్సు దిగి, ఏ కొండ మీద నిలబడి నా కోసం చూస్తున్నారో, అది నాకు చెప్పేవాళ్లే లేరు.