పాత ల్యాప్‌టాప్‌కు మగ్గం పని

పోయినవి మొత్తం మూడు వందల పన్నెండు జాకెట్టు డిజైన్లు. చిత్తూరులో మా ఇంటి ముందుగదిలోనే మా ఆవిడ జాకెట్లు కుడుతుంది, మగ్గం పని చేస్తుంది. చేసిన ప్రతిదానికీ ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టేది. వచ్చినవాళ్లు తెర చూసి నచ్చింది చెప్పేవారు. హార్డ్ డిస్క్ చెడిపోవడంతో అవన్నీ పోయాయి. ఆమె ఫోన్‌లో మిగిలినవి నూట ఇరవై ఒకటి.

కొత్త డిస్క్ వేయించాను. మెమరీ మాత్రం పాత రెండు జీబీయే. పెంచే వీలు లేదన్నారు. కొత్త విండోస్‌ను అది మోయలేదు కాబట్టి, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దామనుకున్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తెరకు రూపమిచ్చే డెస్క్‌టాప్‌లు అందులో రకరకాలు; ఒక్కొక్కటీ వేసి, ఎంత మెమరీ తింటోందో చూసుకోవడమే. ముందు అన్నిటికంటే తేలికైన డెస్క్‌టాప్ పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు మూడు వందల ఎంబీ దాటలేదు. మా ఆవిడకు గొప్పగా చూపించాను.

"ఇదేందబ్బా, కరెంటు బిల్లు కొట్టే మిషన్ మాదిరుండాది! పెండ్లి జాకెట్టుకని వచ్చినోళ్లకి ఇదా సూపించేది?"

సరేనని అందమైనది వేశాను. ప్రతి విండోకూ నీడ, తెరిస్తే పువ్వు విచ్చినట్టు ఒక కదలిక. ఏ పనీ మొదలుపెట్టకముందే ఒకటిన్నర జీబీ మింగేది. అప్పుడు ముహూర్తాల కాలం. తిరుపతి నుంచి బస్సులో వచ్చిన ఒకామె మొదటి ఫోటో కోసం చూసీ చూసీ, "అక్కా, ఇది తెరుచుకునే లోపల నేను పోయి కూరగాయలు తీసుకొనొస్తా" అని నవ్వింది. వెళ్లింది; మళ్లీ రాలేదు. వీధి చివరి అంగట్లో కుట్టడానికి ఇచ్చిందని తర్వాత తెలిసింది.

మా ఆవిడ చేతిలోని జాకెట్టు తిప్పి చూపింది. "సూడు, ఒళ్లంతా పని చేస్తే బరువుకి గుడ్డ జారిపోతాది. మెడకీ చేతులకీ చేస్తే సాలు. కన్ను పడేది ఆడే. మిగతాదంతా పైట కప్పేస్తాది."

అదే లెక్క పట్టుకున్నాను. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మధ్యరకం డెస్క్‌టాప్ వేసి నీడలూ కదలికలూ తీసేశాను. కన్ను పడే చోట మాత్రం తగ్గించలేదు: వెనుక పట్టుచీర అంచు బొమ్మ, గుండ్రటి ఐకాన్లు, కాస్త పెద్ద తెలుగు అక్షరాలు. ఐదు వందల ఎంబీ దగ్గర ఆగింది. ఫోటో నొక్కగానే తెరుచుకుంది.

"ఇప్పుడు అంగడి మాదిరుండాది" అంది.

పోయిన డిజైన్లు కుట్టించుకున్నవాళ్ల బీరువాల్లో ఉన్నాయి కదా. వదులు చేయించుకోవడానికి తెచ్చినప్పుడల్లా మళ్లీ ఫోటో తీస్తోంది. అలా నూట యాభై రెండు వచ్చాయి.

ఇంకా ముప్పై తొమ్మిది రావాలి.