ఆయన అన్నది, నేను చెప్పింది

ఒడిశాలో, రామయ్యపట్నం దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక బడిలో టీచరుగా చేస్తున్నాను. మా ఇల్లు బరంపురంలో, గేట్ బజార్ దగ్గర. మామగారి కాలం నుంచీ బట్టల కొట్టు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో పాఠం చెప్పేది ఒడియాలో. మా బడికి వచ్చేవాళ్ళందరూ చేపలు పట్టేవాళ్ళ పిల్లలు. వాళ్ళదీ తెలుగే. అయినా వాళ్ళ తెలుగు వేరు, మా తెలుగు వేరు అన్నట్టే ఉండేదాన్ని.

కిందటేడు తల్లిదండ్రుల్నీ ఊరివాళ్ళనీ బడికి దగ్గర చెయ్యాలని జిల్లా విద్యా కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. నెలనెలా సభ పెట్టమన్నారు. మేం పొద్దున పది గంటలకి పెట్టాం. రెండు నెలలు ఎవరూ రాలేదు. ఆ తరవాతి సభకి బరంపురం నుంచి అధికారి వస్తున్నారని తెలిసి, హెడ్మాస్టారు ఇంటింటికీ కబురుపెట్టి తల్లుల్ని రప్పించారు. వాళ్ళు చేపల పని మధ్యలో వదిలేసి, తడి చీరలతోనే వచ్చి వరండాలో కూర్చున్నారు.

అధికారి ఒడియాలో మాట్లాడతారు కాబట్టి నన్ను తెలుగులో చెప్పమన్నారు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే మొదలుపెట్టారు. ఈ మనుషులకి చేపలు తప్ప ఇంకేమీ పట్టదన్నారు. చదువు మీద శ్రద్ధ ఉంటే బడి ఇలా ఖాళీగా ఉంటుందా అన్నారు. అన్నం పెట్టి మరీ చదువు చెప్తున్నా వీళ్ళకి విశ్వాసం లేదన్నారు.

ఆ మాటలు నా నోట రాలేదు. పిల్లల్ని రోజూ పంపిస్తే బాగా చదువుకుంటారని సార్ చెబుతున్నారన్నాను. అధికారి తలూపారు. తల్లులు నేలకేసి చూస్తూ కూర్చున్నారు. తెలివిగానే సర్దేశాననుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. నాలుగో తరగతి పిల్లకి నాయనమ్మ. కొడుకు కేరళలో పడవల మీద పనికి వెళ్ళాడు. ఆవిడ అధికారి వైపు తిరిగి తడుముకోకుండా ఒడియాలో మాట్లాడింది. పది గంటలంటే పడవలు ఒడ్డుకొచ్చే వేళనీ, అప్పుడు చేపలు ఎత్తకపోతే ఆ పూట పొయ్యి వెలగదనీ చెప్పింది. మగవాళ్ళు ఊళ్ళో లేని ఇళ్ళల్లో బుట్టలు మొయ్యడానికి పిల్లల్ని ఆపుకోవలసి వస్తోందంది. సభ మూడింటికి పెడితే పిలవకుండానే వస్తామంది. గొంతు పెంచలేదు.

తరవాత నా వైపు తిరిగింది.

"అమ్మా, ఆ బాబు అన్నది నువ్వు సెప్పనేదు. మేం ఇన్నాం. ఊరూరా తిరిగి సేపలమ్ముకునేటోళ్ళం, మాకు ఒడియా రాదనుకున్నావేటి?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన తిట్లూ, నా అబద్ధమూ రెండూ వాళ్ళు తల వంచుకుని విన్నారన్నమాట. ఇన్నేళ్ళు వాళ్ళ మధ్య పనిచేస్తూ, వాళ్ళకి ఏం వచ్చో ఏం రాదో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. క్షమించమందామనుకునేలోపు ఆవిడ కూర్చుండిపోయింది.

సభ మూడింటికి మార్చాం. వరండా చాలలేదు. పొద్దున పనికి ఆగిన పిల్లల్ని మధ్యాహ్నమైనా పంపిస్తామని వాళ్ళన్నారు. తప్పిన పాఠం సాయంత్రం మళ్ళీ చెబుతామని మేమన్నాం. ఈ ఏర్పాటూ ఆవిడ ఆలోచనే. నెమ్మదిగా బడి నిండింది.

ఆ కబురు జిల్లా దాకా పాకింది. బరంపురంలో టీచర్ల సమావేశానికి పిలిచి, ఊరివాళ్ళ భాషలో మాట్లాడి వాళ్ళ మనసు గెలుచుకున్న టీచరని నన్ను వేదిక ఎక్కించారు. ఆ అధికారే నాకు శాలువా కప్పారు. మైకు చేతిలో పెట్టారు. ఆవిడ సంగతి చెప్పాలని గొంతు దాకా వచ్చింది. చెబితే ఆ రోజు ఆయనేమన్నారో చెప్పాలి, నేనేం చేశానో చెప్పాలి. ధన్యవాదాలని చెప్పి దిగిపోయాను. ఇంట్లో శాలువా చూసి అందరూ మురిసిపోయారు. నేను దాన్ని మడిచి బీరువా అడుగున పెట్టేశాను.

సోమవారం ఆవిడ మనవరాల్ని దింపడానికి వచ్చి, బరంపురంలో ఏమన్నారని అడిగింది. నన్ను మెచ్చుకున్నారన్నాను.

"మంచిదే గదమ్మా. మా ఊసెత్తినారేటి?"

లేదన్నాను. ఎత్తవలసింది నేనేనని అనలేదు. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఎల్లు, గంట కొట్టీసినారు" అని పిల్లని లోపలికి పంపింది.